తొమ్మిదో దీపం ఎందుకు?

ప్రశ్న: ఇజ్రాయెల్‌లో ఒక ముసలావిడను చూసుకునే పనిలో ఉన్న మా అమ్మాయి డిసెంబరులో వీడియో కాల్‌లో తొమ్మిది దీపాల సెమ్మె చూపించింది. ఎనిమిది రోజుల పండగట. మరి తొమ్మిదోది ఎందుకు? – ఒక తల్లి, కావలి

జవాబు: అది యూదుల పండగ హనుక్కా అమ్మా. హీబ్రూలో ప్రతిష్ఠ అని అర్థం. సిరియాను ఏలిన గ్రీకు రాజు నాలుగో ఆంటియోకస్ జెరూసలేం ఆలయాన్ని అపవిత్రం చేశాడు. యూదుల నాయకుడు యూదా మక్కబీ, అతని మనుషులు పోరాడి, క్రీ.పూ. 164లో దాన్ని శుద్ధి చేసి మళ్లీ ప్రతిష్ఠించారు. ఒక్కరోజుకు సరిపడే నూనె ఎనిమిది రోజులు వెలిగిందన్న కథ ఆ పోరాటాన్ని చెప్పే మక్కబీల గ్రంథాల్లో లేదు, తర్వాతి కాలపు యూదుల ధర్మగ్రంథం తాల్ముద్‌లో ఉంది. నాకైతే కథే ఇష్టం.

తొమ్మిదోది షమాష్, అంటే సేవకుడు. రోజుకొకటి పెంచుతూ మిగతావాటిని దాంతోనే వెలిగిస్తారు. ఒంగోలులో మా అమ్మ కూడా కార్తీక దీపాలన్నీ ఒక్క వత్తితోనే ముట్టించేది. మేం దానికి పేరు పెట్టలేదు, అంతే.

నూనె పండగ కదా, బంగాళాదుంప అట్లు నూనెలో వేయిస్తారు. మీ అమ్మాయిని అడగండి, తినే ఉంటుంది.