వాన మొదలైతే అమ్మ నిద్రపోవడం లేదు, ఏం చేయాలి?

మీరు అడిగింది ఇది: 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫానప్పుడు చెన్నై వేళచ్చేరిలో మీ కింది వాటాలోకి నడుం లోతు నీళ్లొచ్చాయి, మూడు రోజులు కరెంటు లేకుండా మేడ మీద గడిపారు. ఇప్పటికీ వాన పడితే అమ్మగారు రాత్రంతా తలుపు దగ్గరే కూర్చుంటున్నారు, ఏడేళ్ల పాప మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలుపెట్టింది. కాలమే మాన్పుతుందా, డాక్టరుకి చూపించాలా?

చూపించాలి. వరద తర్వాత కొన్ని వారాలు నిద్ర పట్టకపోవడం, ఉలిక్కిపడటం, అదే దృశ్యం కళ్ల ముందు మెదలడం చాలామందికి ఉంటాయి, ఎక్కువమందికి వాటంతటవే తగ్గుతాయి. నెల దాటినా తగ్గక రోజువారీ పనులకి అడ్డొస్తుంటే సైకియాట్రిస్టుకో సైకాలజిస్టుకో చూపించాలి. మీ ఇంట్లో ఆ గడువు ఎప్పుడో దాటింది. ఇంత ఆలస్యమయ్యాక ఏం లాభం అనుకోకండి, ఏళ్ల తర్వాత మొదలుపెట్టినా వైద్యం పనిచేస్తుంది.

ఈలోగా ఇంట్లో చేయగలిగింది చాలా ఉంది. ముందుగా "ఏం కాదులే అమ్మా" అనడం మానేయండి. పల్లికరణై చిత్తడి నేల పక్కనున్న పల్లపు ప్రాంతం మీది, ఈశాన్య రుతుపవనాలు ఏటా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వస్తూనే ఉంటాయి. నీళ్లు మళ్లీ రావని ఎవరూ హామీ ఇవ్వలేరు, ఆ సంగతి ఆవిడకి తెలుసు. ఆవిడ భయంలో నిజం ఉంది. చిక్కల్లా, ప్రతి చినుక్కీ ఒళ్లు ఆ రాత్రిలాగే అదిరిపోవడం. ఏ వానకి లేవాలో, ఏ వానకి అక్కర్లేదో ఆవిడకి విడదీసి చూపించాలి.

దానికి కంటికి కనిపించే గీత కావాలి. గేటు మెట్లలో ఒకదాని మీద పెయింటుతో గుర్తు పెట్టండి, ఏ మెట్టో ఆవిడనే చెప్పమనండి. నీళ్లు అక్కడికి వస్తే మెయిన్ స్విచ్ ఆపేసి, సంచి తీసుకుని పై వాటాకి వెళ్తాం. రానంతసేపూ పడుకుంటాం. సంచిలో ప్లాస్టిక్ కవర్లో చుట్టిన ఆధార్, రేషన్ కార్డు, ఇంటి కాగితాలు, వారానికి సరిపడా బీపీ, షుగర్ మాత్రలు, టార్చి, పవర్ బ్యాంకు ఉండాలి. రెడ్ అలర్ట్ ఉన్న రాత్రి కాపలా మీరు తీసుకోండి. పన్నెండుకీ మూడుకీ అలారం పెట్టుకుని గీత చూసి వస్తానని చెప్పండి, చెప్పినట్టే లేవండి. మీరు ఒక్కసారి నిద్రపోయారని తెలిసినా ఆవిడ మళ్లీ తలుపు దగ్గరికే చేరతారు.

వాన హెచ్చరిక రాగానే కార్లన్నీ వేళచ్చేరి ఫ్లైఓవర్ మీదికి చేర్చడం చూసి నవ్వేవాళ్లున్నారు. అది పిరికితనం కాదు, చేయగలిగింది చేసి నిశ్చింతగా పడుకోవడం. గంటగంటకీ వాట్సాప్ ఫార్వర్డులు చూడటం మాత్రం వేరే సంగతి. చేసే పని ఏమీ ఉండదు, భయమే పెరుగుతుంది. నుంగంబాక్కం వాతావరణ కేంద్రం చెప్పేది పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూస్తే చాలు.

మామూలు వానకి అలవాటు చేయడం మెల్లగా జరగాలి. భయానికి 0 నుంచి 10 దాకా మార్కులు వేయమనండి. మొదట పగటిపూట, మీరు పక్కన ఉండగా, వాన చప్పుడు రికార్డింగ్ సన్నగా రెండు నిమిషాలు వినిపించండి. 3, 4 మార్కులకి మించని చోటే మొదలుపెట్టాలి. అది సగానికి దిగేదాకా అక్కడే ఉండి, నాలుగైదు రోజులు అదే చేసి, తర్వాత కిటికీ దగ్గర పది నిమిషాలు, ఆ తర్వాత చీకటి పడ్డాక. నాలుగు లెక్కపెడుతూ ఊపిరి తీసుకుని ఆరు లెక్కపెడుతూ వదలడం తోడుగా ఉంటే మంచిది. చాలామంది పొరబడేది ఎక్కడంటే, భయం బాగా ముదిరినప్పుడు జాలిపడి లోపలికి తీసుకొచ్చేస్తారు. పారిపోయాం కాబట్టే బతికామని ఒంటికి పాఠం పడుతుంది. అందుకే మొదటి అడుగు అంత చిన్నదిగా ఉండాలి. మనిషి మొద్దుబారిపోయి పిలిచినా పలక్కపోతే ఆపేయండి, ఆ పని ఇక సైకాలజిస్టు చేతుల్లోనే జరగాలి.

ఆ రాత్రి ఏం జరిగిందో చెప్పమని తవ్వొద్దు. తనంతట తను చెబితే వినండి, మధ్యలో సలహా ఇవ్వకండి. మెడికల్ షాపులో అల్ప్రాజోలం లాంటి నిద్రమాత్రలు అడిగి తెచ్చి ఇవ్వకండి. అలవాటైపోతాయి, పెద్ద వయసులో తూలి పడే ప్రమాదమూ ఉంది. ఆలస్యంగా నిద్రపోయినా పొద్దున ఒకే వేళకి లేపండి, మధ్యాహ్నం రెండు తర్వాత కాఫీ వద్దు.

పాప సంగతి. ముందు పిల్లల డాక్టరు దగ్గర మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం ఉన్నాయేమో చూపించండి. రెండూ లేవని, ఇంకే జబ్బూ లేదని డాక్టరు చెబితే భయం వల్లే అనుకోవచ్చు. తిట్టొద్దు, చుట్టాల ముందు చెప్పొద్దు. పక్క కింద రబ్బరు షీటు వేసి, రాత్రి మారుస్తున్నప్పుడు మాటలు పెట్టుకోకండి. సంచిలో టార్చి బ్యాటరీ చూసే పని తనకి అప్పగించండి. బొమ్మలతో వరద ఆట ఆడితే ఆడనివ్వండి. ఆట ప్రతిసారీ మునిగిపోవడంతోనే ముగుస్తూ, ఆడాక ఇంకా బెదిరిపోతుంటే డాక్టరుకి చెప్పాల్సిన విషయం అది.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ ఉచితం, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగు ఎంచుకోవచ్చు. నేరుగా చూపించాలంటే కీళ్పాక్‌లో ప్రభుత్వ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్ ఉంది. అమ్మగారికి తమిళం తడబడితే, ఎప్పటినుంచి, వారంలో ఎన్ని రాత్రులు, ఎన్ని గంటల నిద్ర, ఏ మాత్రలు వాడుతున్నారు అన్నవి తమిళంలోనో ఇంగ్లీషులోనో ఐదు వరుసలు రాసి తీసుకెళ్లండి. "నేను పోతే బాగుండు" అన్న మాట ఒక్కసారి వినిపించినా అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. ఇంట్లో మాత్రలు తాళం వేసి, ఆవిడని ఒంటరిగా ఉంచకుండా, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.