కుడివైపు నొక్కితేనే ప్రోగ్రాం ఆగిపోతోంది, టెర్మినల్‌లో మౌస్ ఎలా చదవాలి?

విశాఖ ఫిషింగ్ హార్బర్ వేలం లెక్కలకు పైథాన్‌లో రాసిన టెర్మినల్ ప్రోగ్రాం చిన్న స్క్రీన్‌లో బాగానే నడిచిందనీ, వెడల్పు మానిటర్ పెట్టాక కుడి చివర నొక్కగానే యూనికోడ్ డీకోడ్ ఎర్రర్‌తో ఆగిపోతోందనీ అడిగారు. మానిటర్ తప్పేం లేదు. మౌస్ నొక్కితే ప్రోగ్రాంకి చెప్పమని టెర్మినల్‌ని అడిగే 1000 మోడ్ ఒక్కటే మీరు ఆన్ చేసి ఉంటారు.

ఆ పాత పద్ధతిలో టెర్మినల్ బటన్, కాలమ్, వరుస మూడింటికీ 32 కలిపి ఒక్కో బైటుగా పంపుతుంది. ఎడమ నుంచి 95వ గడి (కాలమ్) దాకా 127 దాటదు కాబట్టి సరిపోతుంది. 120వ గడిలో నొక్కితే 152 వస్తుంది. అక్షరాల్ని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఆ బైటు ఒంటరిగా చెల్లదు, పైథాన్ అక్కడే చేతులెత్తేస్తుంది. నేరుగా బైట్లుగా చదువుకున్నా 223వ గడి దాటాక ఆ పద్ధతి పనికిరాదు.

1000తో పాటు, క్లిక్‌ని అంకెల్లో పంపే 1006 కూడా ఆన్ చేయండి, అంటే టెర్మినల్‌కి ఇది రాయండి: ఎస్కేప్, తర్వాత [?1006, చివర చిన్న హెచ్. ఇక 120వ గడి, 9వ వరుసలో ఎడమ బటన్ నొక్కితే ఎస్కేప్ వెనక [<0;120;9 వచ్చి చివర పెద్ద ఎమ్ ఉంటుంది, వదిలితే చిన్న ఎమ్. అన్నీ మామూలు అంకెలే. గడి, వరుసల లెక్క 1 నుంచి మొదలు. చక్రం పైకి తిప్పితే బటన్ అంకె 0 బదులు 64, కిందికి 65. లాగడం కూడా కావాలంటే 1000 బదులు 1002. 1003 జోలికి పోకండి, మౌస్ కదిలినప్పుడల్లా సందేశాలు కుమ్మరిస్తుంది. ఒక్క రీడ్‌లో సీక్వెన్స్ మొత్తం వస్తుందన్న హామీ లేదు, ఎమ్ కనబడేదాకా బఫర్‌లో ఉంచుకోండి.

ఇది సరిచేశాక తెలుగు పేర్ల దగ్గర ఇంకోటి తగులుతుంది. మౌస్ చెప్పేది గడి నంబరు, అక్షరాల లెక్క కాదు. ‘వంజరం’ అనే చేప పేరుకి పైథాన్ పొడవు 5 చూపిస్తుంది, తెర మీద అది ఎన్ని గడులు పడుతుందో టెర్మినల్‌ని బట్టి మారుతుంది. స్పేసులతో నింపి కాలమ్‌లు కుదర్చకండి. ప్రతి కాలమ్‌కీ కర్సర్‌ని నేరుగా ఫలానా గడికి పంపి రాయండి, క్లిక్‌ని ఆ గడి నంబర్లతోనే పోల్చండి. చేప పేరుని వరుసలో చివరి కాలమ్‌గా పెడితే ఇంకా నయం.

బయటికి వచ్చేటప్పుడు అవే నంబర్లని చిన్న ఎల్‌తో ఆఫ్ చేయాలి, అదీ ఎర్రర్ వచ్చినా నడిచే ఫైనల్లీ బ్లాక్‌లో. కిల్ -9తో చంపితే ఆ బ్లాక్ నడవదు, తర్వాత నొక్కినప్పుడల్లా ప్రాంప్ట్ మీద చెత్త పడుతుంది. రీసెట్ కమాండ్ కొడితే పోతుంది. మౌస్ ఆన్‌లో ఉండగా అంకెలు కాపీ చేసుకోవాలంటే చాలా టెర్మినళ్లలో షిఫ్ట్ పట్టుకుని లాగాలి. లెక్కలు రాసేవాళ్లకి కనబడేలా ఈ మాట తెర అడుగు వరుసలో పెట్టండి.