పాత బేస్‌బాల్ కార్డులను నమ్ముకుని కాలేజీ ఫీజు ప్లాన్ చేయొచ్చా?

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. మావారు ఆరేళ్ల వయసులోనే అమ్మానాన్నలతో ఇక్కడికి వచ్చారు. 1986 నుంచి 1993 దాకా చేతికొచ్చిన డబ్బంతా బేస్‌బాల్, బాస్కెట్‌బాల్ కార్డులకే పెట్టారట. మొత్తం 11 పెట్టెలు. మామగారు ఇల్లు అమ్మేశాక వాటిని స్టోరేజ్‌లో పెట్టి రెండేళ్లుగా నెలకు 140 డాలర్ల అద్దె కడుతున్నాం. అప్పటి ధరల పుస్తకం చూసి లెక్కేస్తే 38,000 డాలర్లు తేలిందట. మా అబ్బాయి టెన్త్ గ్రేడ్. ‘వాడి కాలేజీకి కార్డులున్నాయిగా’ అంటూ 529 ఖాతా (చదువు కోసం పన్ను రాయితీతో పొదుపు చేసే ఖాతా) తెరవనివ్వడం లేదు. మొన్న ఒక షాపతను చూసి అన్నిటికీ కలిపి 150 డాలర్లు ఇస్తానన్నాడు. మోసం చేస్తున్నాడని మావారు చాలా బాధపడ్డారు. ఈ మధ్య అబ్బాయితో కలిసి కొత్త ప్యాక్‌లు కూడా కొంటున్నారు. నేను తెనాలిలో పెరిగాను, ఈ కార్డుల సంగతి నాకేం తెలియదు. మాట ఎత్తితే గొడవవుతోంది. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ముందు అసలు విషయం చెప్పేస్తాను. కాలేజీ లెక్కలో ఆ కార్డుల దగ్గర సున్నా రాసుకోండి. అమ్మిన రోజున ఎంతొస్తే అంత కలుపుకోవచ్చు. 529 ఖాతా మాత్రం ఈ నెలలోనే తెరవండి.

అలాగని మీవారు తెలివితక్కువ పని చేశారని నేను అనుకోవడం లేదు. ఆ రోజుల్లో అమెరికాలో లక్షలమంది పిల్లలు అదే చేశారు. ‘జాగ్రత్తగా దాచుకో, పెద్దయ్యాక పనికొస్తుంది’ అని పెద్దవాళ్లే చెప్పేవాళ్లు. వాళ్ల మాటకూ ఒక ఆధారం ఉంది, అదేమిటో మీకు తెలిస్తే ఇంట్లో ఈ సంభాషణ సులువవుతుంది.

బబుల్‌గమ్‌తో పాటు ఆటగాళ్ల బొమ్మ, వెనకాల వాళ్ల స్కోర్లు అచ్చేసిన అట్టముక్కలు అమ్మడం అక్కడ పాత అలవాటు. 1950లలో పిల్లలు వాటిని సైకిల్ చక్రాల పుల్లల మధ్య పెట్టి టకటకమనిపించేవాళ్లు, అరిగాక పారేసేవాళ్లు. మిగిలినవి ఇల్లు సర్దేటప్పుడు చెత్తలోకి వెళ్లేవి. కార్డులు అచ్చేసే టాప్స్ కంపెనీ 1952లో వేసిన మిక్కీ మాంటిల్ అనే బేస్‌బాల్ ఆటగాడి కార్డే చూడండి. అప్పుడు అమ్ముడుపోని సరుకును 1960లో కంపెనీవాళ్లే పడవలో తీసుకెళ్లి అట్లాంటిక్ సముద్రంలో పారబోశారు. అలా పోగా మిగిలిన వాటిలో చెక్కుచెదరని ఒక కార్డు 2022 ఆగస్టులో 1 కోటి 26 లక్షల డాలర్లకు వేలంలో అమ్ముడైంది. ఎవరూ దాచలేదు కాబట్టే దానికి ఆ ధర.

1980లలో ఈ సంగతి అందరికీ తెలిసిపోయింది. అంతకుముందు పాతికేళ్లు టాప్స్‌కు పెద్దగా పోటీ లేదు. కోర్టు తీర్పు తర్వాత 1981లో ఫ్లీర్, డాన్‌రస్ రంగంలోకి దిగాయి, 1988లో స్కోర్, 1989లో అప్పర్ డెక్ వచ్చాయి. బెకెట్ అనే నెలవారీ ధరల పత్రిక 1984లో మొదలైంది. మీవారు దాచుకున్న పుస్తకం బహుశా అదే అయ్యుంటుంది. పిల్లలే కాదు, ఉద్యోగాలు చేసుకునేవాళ్లు కూడా పెట్టెలకు పెట్టెలు కొని సీల్ విప్పకుండా అటకెక్కించారు. గిరాకీ చూసి కంపెనీలు రాత్రింబవళ్లు అచ్చేశాయి. పక్క పొలంలో మిర్చికి ధర వచ్చిందని మరుసటి ఏడాది ఊరంతా మిర్చే వేస్తే యార్డులో ఏమవుతుందో గుంటూరు జిల్లా ఆడపడుచు మీకు నేను చెప్పక్కర్లేదు. పైగా మిర్చి కొన్నవాడు తినేస్తాడు, ఇక్కడ ఒక్క కార్డూ ఖర్చు కాలేదు. అన్నీ ప్లాస్టిక్ కవర్లలో భద్రంగా ఉన్నాయి.

1994 ఆగస్టులో బేస్‌బాల్ ఆటగాళ్లు సమ్మెకు దిగారు. ఆ ఏడాది ఛాంపియన్ ఎవరో తేల్చే వరల్డ్ సిరీసే రద్దయింది. జనానికి ఆట మీదే విసుగు పుట్టింది. కార్డుల షాపులు వరసగా మూతపడ్డాయి. మీవారు సేకరించిన ఆ ఏళ్ల సరుకును ఈ వ్యాపారంలోవాళ్లు ‘జంక్ వ్యాక్స్’ అంటారు. వ్యాక్స్ అంటే ప్యాక్‌కు చుట్టే మైనపు కాగితం. ఉదాహరణకు 1987 టాప్స్ పూర్తి సెట్‌లో 792 కార్డులుంటాయి. ఈ రోజు అది ఇరవై, ముప్ఫై డాలర్లకు దొరుకుతుంది. ఒక్కో కార్డుకు నాలుగు సెంట్లు కూడా పడటం లేదు.

ఇక 38,000 సంగతి. ధరల పుస్తకంలో ఉన్నది షాపువాడు మనకు అమ్మే ధర, అదీ కొత్తగా మెరిసే కార్డుకు, 1990ల మొదట్లో. మన దగ్గర కొనేటప్పుడు అతను అందులో కొంతే ఇస్తాడు. మామూలు ఆటగాళ్ల కార్డులనైతే అప్పుడు కూడా ఎవరూ ఆ ధరకు కొనేవాళ్లు కాదు. అందుకే షాపతను చెప్పిన 150 మోసం అనిపించలేదు నాకు. 11 పెట్టెలు మోసుకెళ్లి, మనిషిని పెట్టి, ఒక్కొక్కటీ తిరగేసి, నాలుగైదు మంచివి దొరుకుతాయేమోనన్న ఆశకు అతను కట్టిన ధర అది. అయినా ఆ ధరకు మొత్తం ఇచ్చేయొద్దు. ముందు మీరే ఆ నాలుగైదూ వెతుక్కోండి.

ఆ పని మీవారితోనే చేయించండి, అబ్బాయిని పక్కన కూర్చోబెట్టండి. ఒక శని, ఆదివారం చాలు. పేరున్న ఆటగాళ్ల రూకీ కార్డులు, అంటే కెరీర్ మొదట్లో వచ్చినవి, ముందు పక్కకు తీయాలి. 1986 ఫ్లీర్ మైకేల్ జోర్డన్ కార్డు ఉంటే మాత్రం నిజంగా అదృష్టమే, మూలలు అరిగినా వేల డాలర్లు పలుకుతుంది. నకిలీలు కూడా ఎక్కువే కాబట్టి తొందరపడొద్దు. 1993 ఎస్‌పీ డెరెక్ జీటర్, 1992 బౌమన్ మరియానో రివెరా చూడండి (ఎస్‌పీ, బౌమన్ కూడా కార్డుల బ్రాండ్లే). 1991లో గల్ఫ్ యుద్ధానికి వెళ్లిన సైనికుల కోసం టాప్స్ ‘డెజర్ట్ షీల్డ్’ ముద్ర వేసి కొన్ని కార్డులు పంపింది, వాటికి గిరాకీ ఉంది, నకిలీ ముద్రలూ ఉన్నాయి. 1990 టాప్స్ ఫ్రాంక్ థామస్ కార్డుల్లో కొన్నిటి మీద ముందువైపు పేరు పడలేదు. అచ్చులో జరిగిన ఆ పొరపాటు వల్ల దానికి వేల డాలర్లు ఇస్తారు. పేరు సరిగ్గా పడిన మామూలు థామస్ కార్డుకు ఒకటి రెండు డాలర్లు వస్తే గొప్ప.

మీవారి దగ్గర దాదాపు తప్పకుండా ఉండే మంచి కార్డు 1989 అప్పర్ డెక్ కెన్ గ్రిఫీ జూనియర్. ఆ తరం పిల్లలకు అదంటే ప్రాణం. దాన్ని టేబుల్ లైటు కింద పెట్టి చూడమనండి. నాలుగు మూలలూ సూదిగా ఉన్నాయా, ఎక్కడైనా తెల్లగా పీచు లేచిందా? బొమ్మ చుట్టూ అంచు నాలుగు వైపులా సమానంగా ఉందా? కొద్దిగా ఏటవాలుగా పట్టుకుంటే పైన గీతలు కనిపిస్తున్నాయా? కట్టకు రబ్బరు బ్యాండు వేసి ఉంటే అంచుల్లో చిన్న నొక్కు పడుతుంది, మామూలుగా చూస్తే తెలియదు. ఇవన్నీ చూసి పీఎస్‌ఏ లాంటి సంస్థలు పదికి మార్కులు వేస్తాయి. పదికి పది వస్తే ఈ గ్రిఫీ వెయ్యి డాలర్లు దాటుతుంది. ఎనిమిది వస్తే అందులో చిన్న భాగమే వస్తుంది. మార్కులు వేయించడానికి ఒక్కో కార్డుకు ఇరవై డాలర్ల పైనే అవుతుంది, పోస్టు ఖర్చు వేరు. పదికి పది రావడం చాలా అరుదు. అందుకని ఎనిమిది వచ్చినా ఖర్చు పోను ఏదైనా మిగిలే కార్డులనే పంపండి, మిగతావి పంపితే ఎదురు డబ్బు కట్టినట్టే.

ధర తెలుసుకోవడానికి ఈబేలో అమ్మకానికి పెట్టినవి చూడొద్దు. ఎవరైనా ఎంతైనా అడగొచ్చు. ‘సోల్డ్ ఐటమ్స్’ అని ఎంచుకుంటే నిజంగా అమ్ముడైన ధరలు వస్తాయి. అందులోంచి సుమారు 13 శాతం ఫీజు, ప్యాకింగ్, పోస్టు తీసేస్తేనే మీకు మిగిలేది. మీవారు తనకు బాగా ఇష్టమైన ఇరవై కార్డులు ఎంచుకుని స్వయంగా ఇలా చూసుకుంటే చాలు, మీరు వాదించాల్సిన పని ఉండదు. ఆ ఇరవై చూశాక ఆయన కాసేపు మౌనంగా ఉండిపోవచ్చు. ‘నేను ముందే చెప్పాను’ అనే మాట మాత్రం దయచేసి అనకండి. పరాయి దేశంలో స్కూల్లో కొత్తగా చేరిన పిల్లాడికి ఆ కార్డులు మార్చుకుంటూనే స్నేహితులు దొరికి ఉంటారు. ఆ విలువ ఆయనకు చిన్నప్పుడే అందింది.

‘మళ్లీ ధరలు పెరుగుతాయి, 2020లో పెరగలేదా?’ అని ఆయన అడగొచ్చు. పెరిగాయి, నిజమే. కరోనా కాలంలో జనం ఇళ్లలో కూర్చుని పాత పెట్టెలు తీశారు. పదికి పది వచ్చిన 1986 జోర్డన్ కార్డు 2021 జనవరిలో 7,38,000 డాలర్లకు పోయింది. పీఎస్‌ఏ దగ్గర కార్డులు గుట్టలు పడి కొత్తవి తీసుకోవడం కొంతకాలం ఆపేశారు. విస్కాన్సిన్‌లో పార్కింగ్ దగ్గర కార్డుల కోసం గొడవ జరిగాక టార్గెట్ స్టోర్లు కూడా 2021 మేలో వాటి అమ్మకాలు కొంతకాలం ఆపాయి. మరుసటి ఏడాదికల్లా అదే జోర్డన్ కార్డు, అదే పదికి పది, రెండు లక్షల డాలర్ల దగ్గరికి దిగింది. అంత పేరున్న కార్డుకే ఆ గతి పడితే, ప్రతి ఇంట్లోనూ ఉన్న కార్డు మీద కాలేజీ ఫీజు పెట్టుకోలేం. న్యూజెర్సీ ప్రభుత్వ యూనివర్సిటీ రట్గర్స్‌లో ఆ రాష్ట్రం పిల్లలకు కూడా హాస్టల్, తిండితో కలిపి ఏడాదికి 30,000 డాలర్లు దాటుతోంది.

పైగా ఎదురుచూడటానికీ ఖర్చవుతోంది. రెండేళ్లలో మీరు కట్టిన స్టోరేజ్ అద్దె 3,360 డాలర్లు. ఆ 11 పెట్టెల్లో ఉన్నదంతా జాగ్రత్తగా అమ్మినా అంత వస్తుందన్న నమ్మకం నాకు లేదు. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఈ అంకె. ముందు దీన్ని ఆపండి. మంచివి ఏరాక, ఆయన మనసుకు దగ్గరైనవి ఒక పెట్టెలో సర్దుకుని ఇంట్లో అల్మారాలో పెట్టుకోండి. మిగతావి అదే షాపతనికో, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో ఎవరికో గుత్తగా ఇచ్చేయండి. తీసుకునేవాళ్లు లేకపోతే దగ్గర్లోని లైబ్రరీనో పిల్లల క్లబ్బునో అడిగి చూడండి. అప్పుడు మిగిలే ఆ 140 డాలర్లు అదే తేదీన 529లోకి వెళ్లేలా ఆటోమేటిక్‌గా పెట్టేయండి.

పన్ను సంగతి క్లుప్తంగా చెబుతాను. ఏడాదికి పైగా దాచిన ఇలాంటి సేకరణ వస్తువుల మీద లాభం వస్తే ఫెడరల్ పన్ను గరిష్ఠంగా 28 శాతం దాకా ఉండొచ్చు. షేర్ల మీద అయితే 20 దాటదు. సరదాగా దాచుకున్న సొంత వస్తువు కొన్నదానికంటే తక్కువకు పోతే ఆ నష్టాన్ని పన్నులో చూపించుకునే వీలు లేదు. ఏ కార్డైనా పెద్ద మొత్తానికి పోతే మీ పన్నుల లెక్కలు చూసే సీపీఏతో ఒకసారి మాట్లాడండి.

కొత్త ప్యాక్‌ల గురించి మాత్రం కాస్త గట్టిగానే చెప్పాలి. ఈ రోజు ఒక్కో పెట్టె వందల డాలర్లు. అందులో ఒక సంతకం కార్డు, ఒక అరుదైన రంగు కార్డు దొరుకుతుందేమోనని కొనిపిస్తారు. లైవ్‌లో పెట్టెలు విప్పి, ముందే డబ్బు కట్టినవాళ్లకు టీముల వారీగా పంచే ‘బ్రేక్’లు ఇంకా ప్రమాదం. పదిహేనేళ్ల పిల్లాడికి లాటరీ టికెట్ అలవాటు చేయడానికి, దీనికీ తేడా నాకు కనిపించదు. తండ్రీకొడుకులు కలిసి గడిపే సమయం పోగొట్టొద్దు, దానికి నెలకు ఇంత అని సినిమా ఖర్చులా ఒక హద్దు పెట్టండి. ‘పెట్టుబడి’ అన్న మాట వాడొద్దని ఇద్దరికీ చెప్పండి. నిజంగా పెట్టుబడి అంటే ఏమిటో అబ్బాయికి చూపించాలనుకుంటే ఒక లెక్క చెప్పండి. 1990 చివర 330 దగ్గర ఉన్న ఎస్ అండ్ పీ 500 (అమెరికా పెద్ద కంపెనీల షేర్ల) సూచీ 2024 చివరికి 5,880 దాటింది, డివిడెండ్లు కలపకుండానే.

కాలేజీకి మీకు మిగిలింది రెండున్నరేళ్ల పైచిలుకే కాబట్టి, 529లో కూడా మొత్తం షేర్లలో పెట్టొద్దు. అబ్బాయి కాలేజీలో చేరే ఏడాదిని బట్టి తనంతట తానే జాగ్రత్తవైపు జరిగే పోర్ట్‌ఫోలియో ఎంచుకోండి. కుటుంబ ఆదాయం ఏడాదికి 2 లక్షల డాలర్ల లోపు ఉంటే, న్యూజెర్సీ వాళ్ల సొంత 529 ప్లాన్‌లో వేసే డబ్బులో ఏడాదికి 10,000 డాలర్ల వరకు రాష్ట్ర పన్నులో మినహాయింపు ఉంది. దీనికోసం 401(కె) రిటైర్మెంట్ ఖాతాలో, మీరు వేసినదానికి కంపెనీ కూడా కలిపే (మ్యాచ్) వాటా మాత్రం తగ్గించొద్దు.

మామగారు ఇల్లు అమ్మారన్నారు. మనవడి చదువుకు ఆయనకు సాయం చేయాలని ఉంటే తన పేరు మీదే ఒక 529 తెరవొచ్చు. గతంలో తాతయ్య ఖాతా నుంచి వచ్చిన డబ్బు పిల్లవాడి ఆదాయంగా లెక్కకొచ్చి ఆర్థిక సాయం తగ్గేది. 2024-25 నుంచి కాలేజీ ఆర్థిక సాయం కోసం నింపే ఫెడరల్ ఫాఫ్సా ఫారంలో ఆ ప్రశ్నే తీసేశారు. సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే మరో ఆర్థిక సాయం ఫారం అడిగే కొన్ని ప్రైవేటు కాలేజీలు మాత్రం ఇప్పటికీ ఆ వివరాలు అడగొచ్చు, కాబట్టి అబ్బాయి ఎక్కడెక్కడ అప్లై చేస్తాడో తేలాక ఆ కాలేజీల రూల్స్ ఒకసారి చూసుకుని ఆ డబ్బు ఏ ఏడాదిలో తీయాలో నిర్ణయించుకోండి.