ఉక్కు కర్మాగారంలో పరిశోధన ఎలా నడుస్తుంది?

విశాఖ ఉక్కు లాంటి పెద్ద సంస్థలో పరిశోధన దేనిమీద జరగాలో ఎవరు తేలుస్తారు? సాధారణంగా సమస్య షాపు, అంటే ఉత్పత్తి జరిగే విభాగం, నుంచి వస్తుంది. డబ్బు, గడువు పై కమిటీ చూస్తుంది. అసలు చిక్కు ఆ తర్వాతే.

కోక్‌కి, అంటే బొగ్గును గాలి తగలకుండా వేడిచేసి తీసే బ్లాస్ట్ ఫర్నేస్ ఇంధనానికి, కొత్త బొగ్గు మిశ్రమం అనుకుందాం. ముందు చిన్న పైలట్ ఓవెన్‌లో కోక్ తీస్తారు. 20 మి.మీ. ముక్కలు 200 గ్రాములు తీసుకుని, 1100 డిగ్రీల వేడిలో 2 గంటలు కార్బన్ డయాక్సైడ్ పంపి, చల్లార్చి తూచి, డ్రమ్ములో 600 చుట్లు తిప్పుతారు. ఆ తూకంలో 10 మి.మీ. జల్లెడపై ఎంత శాతం నిలిస్తే అంత బలం.

ఫలితం బాగుందని నేరుగా బ్యాటరీకి, అంటే అసలు కోక్ ఓవెన్ల వరసకి, ఎక్కిస్తే మాత్రం దెబ్బే. ఇక్కడి ఓవెన్లు 7 మీటర్ల ఎత్తు, బొగ్గు కూరుకునే తీరే వేరు. పైగా వానకి యార్డులో తడిసిన బొగ్గు సాంద్రతను మార్చేస్తుంది. షాపు ఇంజినీరును మొదటి రోజు నుంచే ప్రాజెక్టులో కలుపుకోవాలి. లేదంటే ఉత్పత్తి టార్గెట్ నెత్తిమీదున్న నెలలో ట్రయల్‌కి ఓవెన్ ఎవరిస్తారు?