కృతి ఒకటి, ప్రతి వేరు

చి. మాధవికి పెదనాన్న ఆశీస్సులు.

ఐరోపాలోని మూడు గ్రంథాలయాల మధ్యయుగ రాతప్రతుల వివరాలను సెమాంటిక్ వెబ్ పద్ధతిలో, అంటే సమాచారపు అర్థం యంత్రాలకూ అందేలా, ఒకదానితో ఒకటి కలిపే పనికి నువ్వు కుదిరావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. ఎంతో సంతోషించాను, కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తేలిక సంగతులు ముందు చెబుతాను. ప్రతి రాతప్రతికీ, వ్యక్తికీ, ఊరికీ మారని వెబ్ గుర్తింపు, అంటే యూఆర్‌ఐ ఇవ్వు. పేర్లకు గ్రంథాలయాల ఉమ్మడి పేర్ల పట్టిక వయాఫ్ నుంచి, ఊళ్లకు స్థలనామాల పట్టిక జియోనేమ్స్ నుంచి గుర్తింపులు జతచెయ్యి. సొంత నమూనా తయారుచేయాలన్న ముచ్చట మానుకుని, సాంస్కృతిక వారసత్వ సమాచారానికి ఇప్పటికే ఉన్న ప్రామాణిక నమూనా సీడాక్ సీఆర్‌ఎం తీసుకో. 2017లో మొదలైన మ్యాపింగ్ మాన్యుస్క్రిప్ట్ మైగ్రేషన్స్ ప్రాజెక్టు ఆక్స్‌ఫర్డ్, పారిస్, ఫిలడెల్ఫియాల సమాచారాన్ని, 2 లక్షలకు పైగా రాతప్రతులను, ఆ దారిలోనే కలిపింది. రాతప్రతులు పోగుచేసిన ఇంగ్లండు పెద్దమనిషి సర్ థామస్ ఫిలిప్స్ 1872లో పోయాక ఆయన సేకరణ వందేళ్లకు పైగా వేలాల్లో చెదిరిపోయింది. అలా చేతులు మారిన పుస్తకాలే నిన్ను ఎక్కువ తికమక పెడతాయి.

నా నిద్ర చెడగొట్టిన పాత తప్పు అక్కడిదే. నేను కొలువు చేసిన చోట, వేలం పట్టికల్లోని ‘బుక్ ఆఫ్ అవర్స్’ ప్రార్థనా గ్రంథాల వివరాలను మా జాబితాతో కలుపుతున్నాను. పదిహేనో శతాబ్దపు పారిస్‌లో ఇవి లెక్కకు మిక్కిలిగా తయారయ్యాయి. నా ముందున్న రెండు వివరణల్లోనూ ఊరు పారిస్, కాలం సుమారు 1450, ఆకులు 180 పైచిలుకు, అట్ట ఎర్రతోలు. ఒక వేలంలో అమ్ముడైనదే మరోదానిలో తేలిందనుకుని రెండింటి మధ్య, అవి ఒకటేనని యంత్రానికి చెప్పే ‘సేమ్ యాజ్’ బంధం పెట్టేశాను. రెండోదాన్ని మరొకరు అప్పటికే మూడోదానితో కలిపి ఉన్నారు. మొదటిదీ రెండోదీ ఒకటే, రెండోదీ మూడోదీ ఒకటే అంటే, మొదటిదీ మూడోదీ ఒకటేనని యంత్రం తనంతట తానే తేల్చేస్తుంది. దాంతో ఒకే పుస్తకం ఒకే ఏడాది ఇద్దరు యజమానుల ఇళ్లలో ఉన్నట్టయింది.

పేజీకి ఎన్ని పంక్తులో చూశారా అని ఒక పరిశోధకురాలు మర్యాదగానే అడిగింది. ఒకదానిలో 15, మరోదానిలో 16. రెండూ వివరణల్లో అచ్చయి ఉన్నాయి, నేనే చదవలేదు! విడదీయడానికి మూడు వారాలు పట్టింది, ఎందుకంటే ఆ బంధం ఎవరు, ఏ ఆధారంతో పెట్టారో ఎక్కడా నమోదు కాలేదు, పెట్టిన నాకే గుర్తులేదు.

కాబట్టి తల్లీ, పంక్తులు, కొలతలు చూడందే ‘సేమ్ యాజ్’ జోలికి పోకు. రెండో ఆకు మొదటి మాటలు కూడా చూడు. ప్రతి ప్రతికీ ఆకు తిరిగే చోటు మారుతుంది గనుకనే మధ్యయుగపు గ్రంథపాలకులు వాటిని రాసుకునేవారు. అనుమానమున్న చోట, దగ్గరి పోలిక ఉందని మాత్రమే చెప్పే ‘క్లోజ్ మ్యాచ్’ చాలు. ప్రతి బంధానికీ పెట్టినవారి పేరు, తేదీ, ఆధారం తప్పనిసరి. వీటికి బద్ధకించావని తెలిస్తే ఊరుకోను.

మీ నాయనమ్మకు ఈ చదువేమీ లేదు. పొరుగువాళ్లు ఎరువు తీసుకున్న భాగవతం తాటాకుల కట్టకు బదులు మరొకటి తెచ్చిచ్చినప్పుడు, “దశమ స్కంధమే, కానీ మన కట్ట కాదు, మనదాని మూడో ఆకు అంచు ఎలుక కొరికింది” అని గుమ్మంలోనే తిప్పి పంపింది.

మొదటి నెలలో నువ్వు పెట్టిన బంధాల్లో ఒక వంద నాకు పంపు. కళ్లద్దాలు మార్పించుకున్నాను, తీరిగ్గా చూస్తాను.

మీ పెదనాన్న