"చెప్పొచ్చావులే" అనడానికి ఎన్ని నోళ్లు కావాలి?

ప్రశ్న: నమస్తే అక్కా, నేను హైదరాబాద్‌లో యానిమేషన్ డిగ్రీ మూడో సంవత్సరం చదువుతున్నా, మాది ఏలూరు దగ్గర పల్లెటూరు. డెమో రీల్ (ఉద్యోగం కోసం స్టూడియోలకి చూపించే వీడియో) కోసం లిప్ సింక్ షాట్ ఒకటి చేస్తున్నా, అంటే గొంతుకి తగ్గట్టు బొమ్మ నోరు కదిలించడం. సినిమా డైలాగ్ ఎందుకులే అని మా అమ్మమ్మ గొంతే ఫోన్‌లో రికార్డ్ చేశా. మనవడు బ్యాగ్ సర్దుకుని బయల్దేరుతూ "వెళ్లి చదువుకోమంది నువ్వేగా" అంటాడు, దానికి ఆవిడ "చెప్పొచ్చావులే. నేనేమన్నా పొమ్మన్నానా నిన్ను?" అని కాసేపు ఆగి "కాస్త అన్నం తిని వెళ్లు బాబూ" అంటుంది. మొత్తం 9 సెకన్లు, మధ్యలో ఆగింది ఒకటిన్నర సెకను. నెట్‌లో దొరికిన మౌత్ చార్ట్ (ఏ శబ్దానికి నోరు ఎలా ఉంటుందో చూపించే బొమ్మలు) పక్కన పెట్టుకుని ప్రతి అక్షరానికీ ఒక షేప్ కీ చేశా (ఆ ఫ్రేమ్‌లో నోరు ఇలా ఉండాలని గుర్తు పెట్టడం), బ్లెండర్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో మూడు వారాలు పట్టింది. ఫ్రేమ్ ఫ్రేమ్ చూస్తే అన్నీ కరెక్టే, ప్లే చేస్తే మాత్రం నోరు చేప నోరులా కొట్టుకుంటోంది. మా సార్ చూసి "ముసలావిడ మాట్లాడుతోంది గానీ మనసులో ఏమీ అనుకోవట్లేదు" అన్నారు. ఎక్కడ తప్పు చేస్తున్నానక్కా?
- ఒక విద్యార్థి, ఏలూరు

జవాబు: తమ్ముడూ, అమ్మమ్మ గొంతు తీసుకుని చాలా మంచి పని చేశావ్. సినిమా డైలాగ్ పెడితే చూసేవాళ్లకి ఆ నటుడి మొహమే కళ్ల ముందు ఆడుతుంది, నీ బొమ్మ దానితో పోటీ పడలేదు. ఈ గొంతుకి మొహం ఇవ్వాల్సింది నువ్వే.

ఇక తప్పు సంగతి. అమ్మమ్మ పలికినదాన్ని వదిలేసి, నువ్వు నోట్‌బుక్‌లో రాసుకున్న అక్షరాల్ని యానిమేట్ చేశావ్. మనం రాసేది వేరు, నోరు చేసేది వేరు. ఇప్పుడే ఒక పని చెయ్యి, అరచెయ్యి గడ్డం కింద ఆనించుకుని "నేనేమన్నా పొమ్మన్నానా" అని ఆవిడ అన్న స్పీడ్‌లోనే అను. రాస్తే ఎనిమిది అక్షరాలు, కానీ దవడ ఎనిమిది సార్లు దిగదు. "నేనే" దగ్గర కొంచెం దిగుతుంది, "మ" దగ్గర పెదాలు మూసుకుంటాయి, "న్నా" కి బాగా దిగుతుంది, మళ్లీ "ప" కి మూత, "పొ" లోని ఒ కోసం పెదాలు చిన్నగా గుండ్రమై వెంటనే "మ్మ" కి గట్టిగా మూత, ఆ తర్వాత "న్నానా" అంతా దవడ తెరిచే ఉంటుంది, లోపల నాలుక మాత్రం పళ్లకి రెండు సార్లు తగులుతుంది. అంటే మూడు మూతలు, మధ్యలో ఒక చిన్న గుండ్రం, రెండు పెద్ద తెరుపులు. నువ్వు "న్నా" కి ఒకటి, "నా" కి ఒకటి విడిగా తెరిచి మూసి ఉంటావ్, చేప నోరు వచ్చింది అక్కడే. నా మాట విని ఆ కీలన్నీ వేరే ఫైల్‌లో దాచేసి, ముందు దవడ ఒక్కటే మళ్లీ చెయ్యి, పెదాల షేపులు ఏవీ పెట్టకుండా. దవడ ఒక్కదానితోనే ఆ మాట లయ తెలిసిపోవాలి. అది కుదిరాకే నోటి కొసలు సాగడం ముడుచుకోవడం, ఆ తర్వాత మూతలు, అన్నిటికన్నా చివర నాలుక.

నువ్వు వాడిన చార్ట్ నాకు తెలుసనుకుంటా, దాదాపు అందరూ వాడేది ప్రెస్టన్ బ్లెయిర్ అనే అమెరికన్ యానిమేటర్ గీసిన నోళ్ల నుంచి వచ్చిందే. మంచి చార్టే, నేనూ దానితోనే నేర్చుకున్నా, కాకపోతే అది ఇంగ్లిష్ నోరు. మనకి ఇంట్లోనే అంతకన్నా పాత చార్ట్ ఉంది, ఒకటో తరగతిలో దిద్దిన వర్ణమాల. క వర్గం గొంతు దగ్గర, చ వర్గం అంగిట్లో, ట వర్గం నాలుక పైకి మడిచి, త వర్గం పళ్ల దగ్గర, ప వర్గం పెదాల మీద, మనవాళ్లు అక్షరాల్ని నోటి లోపల నుంచి బయటికి పేర్చి పెట్టారు. ఆ 25 అక్షరాల్లో పెదాలు మూసి తీరాల్సినవి ప ఫ బ భ మ, ఈ అయిదే. అందులోనూ "ఫోన్" అన్నప్పటి ఫ కి మనం ఇప్పుడు కింది పెదవిని పై పళ్లకి ఆనిస్తున్నాం, అది వేరే షేప్. మిగతా 20 లోపల జరిగేవే, ట కీ డ కీ ణ కీ నాలుక ఎంత మడత పడినా ఎదురుగా ఉన్నవాళ్లకి కనపడదు. వాటికి విడిగా షేప్ ఎందుకు చెప్పు, పక్కన ఏ అచ్చు ఉంటే ఆ నోరే ఉంచెయ్.

అచ్చుల్లో ఇంకో మెలిక ఉంది, ఇది ఏ చార్ట్‌లోనూ నాకు కనపడలేదు. "చెప్పొచ్చావులే" లో "చ్చా" ని "ఆ" అనే రాస్తాం, కానీ అమ్మమ్మ రికార్డింగ్ మళ్లీ విను, అది "కాలు" లో ఆ కాదు, ఏ కీ ఆ కీ మధ్యలో ఉండే సాగతీత. "వచ్చాడు", "తెచ్చావా" అన్నప్పుడు కూడా అదే. నోరు నిలువుగా తెరుచుకోదు, కొసలు పక్కలకి లాగినట్టు సాగుతాయి. నువ్వు "ఆ" షేప్ పెట్టి ఉంటే ఆ వెటకారం, ఆ ముద్దు అంతా పోయి డాక్టర్ ముందు నోరు తెరిచినట్టు ఉంటుంది. ఆ వెంటనే వచ్చే "వు" ని ఆవిడ నిజంగా పలికిందా? మనం మాటల్లో "చెప్పొచ్చావ్లే" అనేస్తాం, ఉ కోసం పెదాలు గుండ్రంగా చుడితే అబద్ధం అయిపోతుంది. ఇంకోటి, అమ్మమ్మకి ముందు పళ్లు ఉన్నాయా లేవా రాయలేదు నువ్వు, లేకపోతే "వ" కి కింది పెదవి తగలడానికి పళ్లే ఉండవు, పెదవి లోపలికి పోతుంది. ఆవిడ నోటినే దగ్గరగా వీడియో తియ్యి, ఇంతకు మించిన రిఫరెన్స్ నీకు ఎక్కడా దొరకదు.

ఇక ద్విత్వాలు. ఇంగ్లిష్ షాట్లు చేసేవాళ్లు మ, ప, బ లకి కనీసం రెండు ఫ్రేములు మూసి ఉంచమంటారు, ఒక్క ఫ్రేమ్ అయితే కంటికి ఆనదు కాబట్టి. చోటు చాలకపోతే ముందున్న అచ్చు నుంచి ఒక ఫ్రేమ్ లాక్కోమంటారు, నువ్వూ అలాగే చెయ్యి. కానీ మనకి "మన్నా" లో మ వేరు, "పొమ్మన్నా" లో మ్మ వేరు. ఒత్తు ఉన్నప్పుడు పెదాలు మూసుకుని అక్కడే ఆగుతాయి. సెకనుకి 24 ఫ్రేముల లెక్కలో "మన్నా" కి రెండు ఇస్తే "మ్మ" కి నాలుగో అయిదో ఇవ్వు. "చెప్పొ" లో ప్ప కీ అంతే, పైగా అక్కడ లోపల గాలి బిగబట్టి వదులుతాం కాబట్టి తెరుచుకునేటప్పుడు ఒక్క ఫ్రేమ్‌లో చటుక్కున తెరుచుకోవాలి, "మ్మ" మాత్రం మెత్తగా విడిపోవాలి. కదలికని గీతలుగా చూపించే గ్రాఫ్ ఎడిటర్‌లో ఈ రెండు వంపులు పక్కపక్కన పెట్టి చూసుకో.

ఈ మూతల గురించి ఇంత పట్టు పట్టడానికి కారణం ఉంది. 1976 లో మెక్‌గర్క్, మెక్‌డొనాల్డ్ అని ఇద్దరు సైకాలజిస్టులు ఒక ప్రయోగం గురించి రాశారు. శబ్దం "బ", తెర మీద పెదాలు "గ" అంటున్నట్టు పెట్టి చూపిస్తే, చూసేవాళ్లలో చాలామందికి "ద" అని వినపడింది. కళ్లు చూసింది చెవి మాటని మార్చేస్తుంది. నువ్వు "బాబూ" దగ్గర పెదాలు మూయకపోతే అమ్మమ్మ ఎంత స్పష్టంగా పలికినా చూసేవాడికి ఏదో తేడాగానే ఉంటుంది. డబ్బింగ్‌కి మాటలు రాసేవాళ్లు తెర మీద పెదాలు ఎక్కడ కలుస్తున్నాయో చూసుకుని అక్కడ ప, బ, మ పడేలా మాట వెతుక్కునేది కూడా ఇందుకే.

టైమింగ్ ఒక్క మాటలో చెప్తా, నోరు శబ్దం కన్నా ఒక ఫ్రేమో రెండు ఫ్రేములో ముందుండాలి, వెనక మాత్రం ఉండకూడదు. ప్రసారాల వాళ్లు పాటించే ఐటీయూ (అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్) లెక్క ప్రకారం శబ్దం బొమ్మ కన్నా 45 మిల్లీ సెకన్లు ముందొస్తే జనం పట్టేస్తారు, అదే ఆలస్యంగా వస్తే సుమారు 125 దాకా తెలీదు. 24 ఫ్రేముల్లో ఒక్కో ఫ్రేమ్ దాదాపు 42 మిల్లీ సెకన్లు, లెక్క నువ్వే చూసుకో.

ఇప్పుడు మీ సార్ అన్న మాటకి వద్దాం, ఎందుకంటే పైన చెప్పినవన్నీ సరిచేసినా ఆయన మాట అలాగే మిగులుతుంది. నా మొదటి ఉద్యోగంలో మా లీడ్ నా షాట్ చూసేటప్పుడు సౌండ్ ఆపేసి, తెర మీద క్యారెక్టర్ నోటికి అరచెయ్యి అడ్డం పెట్టి, "ఇప్పుడు చెప్పు, ఈవిడకి కోపమా బాధా?" అని అడిగారు. నాకు జవాబు రాలేదు. ఆ రోజు ఇంటికెళ్లి ఏడ్చా, తర్వాత రోజు నుంచి ప్రతి షాట్ ముందు అలాగే చూసుకోవడం మొదలుపెట్టా, ఇప్పటికీ అలాగే చూస్తా.

నీ షాట్‌లో అసలు సీన్ ఆ ఒకటిన్నర సెకను. 36 ఫ్రేములు. నువ్వు మూడు వారాలూ మిగతా 180 ఫ్రేముల మీదే కూర్చున్నావని నా అనుమానం. ఆ 36 లో ఏం జరుగుతోందో ఆలోచించు. ముందు మాటలో విసుగుంది, "నేనేమన్నా పొమ్మన్నానా" లో నిష్ఠూరం ఉంది, తర్వాత మాటలో అన్నం తినమని బతిమాలుతోంది. నిష్ఠూరం నుంచి బతిమాలడానికి ఆవిడ మధ్యలో ఒక మెట్టు దిగింది, వీడు నిజంగానే వెళ్లిపోతున్నాడని ఆ క్షణంలో అర్థమైంది. అది మనకి కనపడాలి. నేనైతే ఇలా చేస్తా: "నిన్ను" అయ్యాక నోరు పూర్తిగా మూయను, ఇంకేదో అనబోయినట్టు కొంచెం తెరిచే ఉంచుతా. చూపు మనవడి మొహం మీద నుంచి బ్యాగ్ మీదకి పడుతుంది, కళ్లు ముందు, తల రెండు మూడు ఫ్రేములు ఆగి వెనకాల. అక్కడ ఒక రెప్పపాటు, మూయడానికి రెండు ఫ్రేములు, ఒకటి ఆగి, తెరవడానికి నాలుగు, అలసిన మనిషి కదా. అప్పుడు పెదాలు కలుస్తాయి, గొంతులో గుటక, కనుబొమ్మల లోపలి కొసలు కొంచెం లేస్తాయి. "కాస్త" అనే ముందు ఆరేడు ఫ్రేముల ఊపిరి, ఛాతీ లేచి భుజాలు దిగాలి. చేతులు ఊపకు. మన పెద్దవాళ్లు ఇలాంటప్పుడు చేతులు ఊపరు, చీర కొంగు సర్దుకుంటారు, లేదా కంచం ఇటు జరుపుతారు. ఇవన్నీ మా అమ్మమ్మలో నేను చూసినవి, నువ్వు మీ అమ్మమ్మలో చూసింది పెట్టు.

"బాబూ" దగ్గర ఒక్కటి గుర్తుపెట్టుకో, చివరి ఊ కి పెదాలు ముందుకొచ్చాక శబ్దం ఆగిపోయినా నోరు వెంటనే మామూలుగా రానివ్వకు, ఓ ఎనిమిది ఫ్రేములు అలాగే మెల్లగా కరగనివ్వు. వాడు తింటాడో లేదో ఇంకా తెలీదు కదా ఆవిడకి. కొత్త వెర్షన్ అయ్యాక పంపించు తమ్ముడూ, తప్పకుండా చూస్తా.

ప్రశ్న: ఆటో లిప్ సింక్ టూల్స్ వాడితే తప్పా మేడమ్? తెలుగుకి పని చేస్తాయా?
- ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: తప్పేం కాదమ్మా, ఎక్కువ నిడివి పని ఉన్నప్పుడు అందరూ వాడతారు. రుబార్బ్ లిప్ సింక్ అని ఫ్రీగా దొరుకుతుంది, ఆడియో ఇస్తే ఏ ఫ్రేమ్‌లో ఏ నోరో రాసిస్తుంది, మొత్తం ఆరు మూల షేపులు, కావాలంటే ఇంకో మూడు. మామూలు సెట్టింగ్ ఇంగ్లిష్ మాటల కోసం, తెలుగుకి ఫొనెటిక్ అనే రికగ్నైజర్ ఎంచుకోండి, అది మాటలు కాకుండా శబ్దాలు పట్టుకుంటుంది. వచ్చినదాన్ని మొదటి పూతలాగే చూడండి, ఒత్తుల దగ్గర పెదాలు మూసుకుని ఆగడం, "వచ్చాడు" లోని ఆ సాగిన అచ్చు చేత్తో సరిచేసుకోవాల్సిందే. నోరు తప్ప మొహంలో ఇంకేదీ అది చెయ్యదు.

ప్రశ్న: ఫోన్‌లో నేనే నటించి రిఫరెన్స్ తీసుకున్నా, సీన్‌లో పెడితే ఆడియోకి కలవట్లేదు, పోను పోను దూరమైపోతోంది. నా యాక్టింగ్ తప్పా?
- ఒక విద్యార్థి, తిరుపతి

జవాబు: యాక్టింగ్ కాదు బాబూ, ఫ్రేమ్ రేట్. ఫోన్ చాలావరకు సెకనుకి 30 ఫ్రేముల్లో తీస్తుంది, నీ సీన్ 24. ఫ్రేముకి ఫ్రేము పెట్టేస్తే 10 సెకన్ల వీడియో పన్నెండున్నర సెకన్లు ఆడుతుంది. ముందే వీడియోని 24 కి మార్చుకుని తెచ్చుకో, ఆడియో వేవ్ ఫైల్‌గా పెట్టుకో. బ్లెండర్ టైమ్‌లైన్‌లో ప్లేబ్యాక్ మెనూకి వెళ్లి సింక్ టు ఆడియో పెట్టు, లేకపోతే లాప్‌టాప్ నెమ్మదించినప్పుడల్లా లేని తప్పు ఉన్నట్టు కనపడి బాగున్న కీలని జరిపేస్తావ్. ఏదైనా మార్చే ముందు ఒకసారి వీడియోగా బయటికి తీసి చూసుకో.

ప్రశ్న: రీల్‌లో తెలుగు డైలాగ్ పెడితే వేరే రాష్ట్రాల స్టూడియోలవాళ్లకి అర్థమవుతుందా? సబ్‌టైటిల్స్ వెయ్యాలా?
- ఒక విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: పెట్టమ్మా, నీకు బాగా తెలిసిన భాషలోనే మొహాలు బాగా కుదురుతాయి. సబ్‌టైటిల్స్ మాత్రం వద్దంటాను, చదివేవాడి కళ్లు కిందకి పోతాయి, నువ్వు కష్టపడిన మొహం పైన ఉండిపోతుంది. షాట్ మొదలయ్యే ముందు నల్ల తెర మీద ఆ మాట అర్థం ఒక్క లైన్ ఇంగ్లిష్‌లో రాసి మూడు సెకన్లు ఉంచు.