పన్నెండు దాటితే తప్పే పరీక్ష

ప్రశ్న: మేడమ్, జీడిపిక్కల కొనుగోళ్లు, గుండు, బద్ద రకాల నిల్వలు లెక్క రాసుకునే ప్రోగ్రామ్‌ను పైథాన్‌లో తయారుచేస్తున్నాను. ప్రోగ్రామ్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే పరీక్షలన్నీ నా విండోస్ కంప్యూటర్‌లో నెగ్గుతున్నాయి. కోడ్ దాచుకునే వెబ్‌సైటు గిట్‌హబ్‌కు పంపాక అక్కడి సర్వర్‌లో మాత్రం ఒకటి తప్పుతోంది. అదీ పగలు కాదు, రాత్రి ఒంటిగంటకు పంపినప్పుడే. ప్రతి చిన్న మార్పుకూ పంపడం, పన్నెండు నిమిషాలు ఎదురుచూడటం. సర్వర్ చేసే పరీక్షను నా దగ్గరే చేసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, పలాస

జవాబు: చేసుకోవచ్చమ్మా. ముందు ఆ తప్పు సంగతి చూద్దాం, దాని జాడ మీ ప్రశ్నలోనే ఉంది. గిట్‌హబ్ సర్వర్ గడియారం యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో నడుస్తుంది. మన సమయం దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందు. అంటే మనకు అర్ధరాత్రి నుంచి తెల్లవారుజామున 5:30 వరకు అక్కడ ఇంకా నిన్నటి తేదీయే. మీ ప్రోగ్రామ్ భారత సమయం ప్రకారం తేదీ వేస్తూ, పరీక్ష మాత్రం కంప్యూటర్ గడియారాన్ని అడుగుతూ ఉండి ఉంటుంది. మీ ఇంట్లో రెండూ ఒకటే కాబట్టి అది బయటపడదు.

దీన్ని తేలికగా తీసుకోకండి. ఏప్రిల్ 1 రాత్రి ఒంటిగంటకు వచ్చిన లోడును ఎక్కడైనా మార్చి 31 కింద రాస్తే, ఆ కొనుగోలు పాత ఆర్థిక సంవత్సరంలోకి పోతుంది. అందుకని "ఈ రోజు" ఏ తేదీయో ఫంక్షన్ (తేదీ వేసే కోడ్ భాగం) తనే గడియారాన్ని అడక్కుండా, దానికి బయటి నుంచి అందేలా మార్చండి. పరీక్షలో సరిగ్గా ఆ ఏప్రిల్ 1, ఒంటిగంట సమయాన్నే ఇవ్వండి. అప్పుడు పట్టపగలైనా, ఏ యంత్రంలోనైనా ఒకే ఫలితం వస్తుంది.

ఇక అసలు ప్రశ్న. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు నేను సోంపేటలో పుట్టింట్లో ఉన్నాను. కరెంటు లేదు, నెట్ లేదు. పక్కవీధి జనరేటర్ దగ్గర ల్యాప్‌టాప్ ఛార్జి చేసుకుని పని చేద్దామంటే, మా పరీక్షల ఆదేశాలన్నీ సర్వర్ చదివే ఫైలులోనే ఉన్నాయి. ఒక్కొక్కటీ చూసి చేత్తో కొట్టాను, మొత్తం పదకొండు. రెండుసార్లు వరుస తప్పాను. విజయనగరం తిరిగి వచ్చాక మొదట చేసిన పని, వాటన్నిటినీ ఒకే స్క్రిప్టులోకి, అంటే ఆదేశాలను వరుసగా నడిపే చిన్న ప్రోగ్రామ్‌లోకి మార్చడం.

మీరూ అదే చేయండి. స్క్రిప్టును పైథాన్‌లోనే రాస్తే మీ విండోస్‌లోనూ, సాధారణంగా సర్వర్‌లో ఉండే లినక్స్‌లోనూ నడుస్తుంది. ఏమేం చేయాలో గిట్‌హబ్ సర్వర్‌కు చెప్పే వర్క్‌ఫ్లో ఫైలులో ఆ స్క్రిప్టును పిలిచే వరుస ఒక్కటి మిగిలితే చాలు.

ఆ స్క్రిప్టును మీరు రోజూ పనిచేసే ఫోల్డర్‌లో కాక, వేరే చోట గిట్ క్లోన్ చేసి (గిట్‌లో చేర్చిన ఫైళ్లకు మాత్రమే నకలు తీసి) అక్కడ నడపండి. గిట్‌లో చేర్చడం మరిచిన ఫైలు మీ ఫోల్డర్‌లో ఉంటుంది, క్లోన్‌లో ఉండదు. తేడా అక్కడే తెలిసిపోతుంది. రైతుల పేర్లు తెలుగులో ఉంటాయి కదా, ఫైలు తెరిచే ప్రతిచోటా యూటీఎఫ్-8 (తెలుగుతో సహా అన్ని లిపులనూ దాచే పద్ధతి) అని స్పష్టంగా రాయండి.

ఫైలు పేర్లలో పెద్దక్షరం, చిన్నక్షరం తేడాను విండోస్ పట్టించుకోదు, లినక్స్ ఊరుకోదు. ఇలాంటివి పట్టుకోవడానికి అదే స్క్రిప్టును డాకర్ అనే సాధనంతో లినక్స్ కంటైనర్‌లో, అంటే మీ కంప్యూటర్‌లోనే విడిగా ఉండే చిన్న లినక్స్ గదిలో నడపండి. వర్క్‌ఫ్లో ఫైలునే ఇంట్లో నడిపించే యాక్ట్ అనే సాధనం కూడా ఉంది. మొదటిసారి ఏ ఇమేజ్ (కంటైనర్ తయారీకి వాడే అచ్చు) కావాలని అడుగుతుంది. మధ్యరకం ఎంచుకోండి, పెద్దది పదుల జీబీలు మింగేస్తుంది. అయినా అది గిట్‌హబ్ సర్వర్‌కు అచ్చమైన నకలు కాదు. స్క్రిప్టు సిద్ధమయ్యాకే దాని జోలికి వెళ్లమంటాను.

ఈ రాత్రికి ఆ ఏప్రిల్ 1 పరీక్ష ఒక్కటి రాయండి. ప్రోగ్రామ్‌లో ఇంకెక్కడైనా కంప్యూటర్ గడియారాన్ని నేరుగా అడుగుతున్నారేమో కూడా వెతకండి. రసీదులు ముద్రించే చోట మొదట చూడండి.